ఆహ్వానం ఒకటి, ప్రకటన ఒకటి

ఈ రోజు ఆఫీసులో నా పని అంతా రెండు ఉత్తరాల చుట్టూనే తిరిగింది. ఒకటి, వచ్చే నెల పదవీ విరమణ చేస్తున్న ఒక పెద్దాయన వీడ్కోలు సభకు ఆహ్వానం. రెండోది, మా విభాగం కొత్త భవనంలోకి మారుతున్నదని తెలిపే ప్రకటన. రెండింటికీ చిత్తుప్రతులు రాసిన కుర్రవాడు ఈ మధ్యే ఉద్యోగంలో చేరినవాడు, మంచి భాష ఉన్నవాడు. అందువల్లనే కాబోలు, రెండింటినీ ఒకే పోతలో పోశాడు: పైన ఉపోద్ఘాతం, మధ్యలో విశేషణాలు, అడుగున కుండలీకరణాల్లో తేదీ. ఆహ్వానం చదివిన మనిషి వెళ్లాలా వద్దా అని ఒక నిర్ణయం తీసుకోవాలి. ప్రకటన చదివిన మనిషి తన అలవాటు ఒకటి మార్చుకోవాలి. చేయవలసిన పని వేరైనప్పుడు ఉత్తరం నడక కూడా వేరు కావాలని నా అభిప్రాయం, ఈ పూటంతా అతనితో కూర్చుని చేసిన దిద్దుబాటు కూడా దాని గురించే.

ఆహ్వానం చిత్తుప్రతి "అకుంఠిత దీక్షతో అహర్నిశలు శ్రమించి సంస్థ పురోభివృద్ధికి తమ జీవితాన్నే అంకితం చేసిన" అని మొదలైంది. అయిదో పంక్తి దాకా ఆ పెద్దాయన పేరు రాదు. సభ ఎప్పుడో తెలియాలంటే "కావున ఎల్లరూ విచ్చేసి సభను జయప్రదం చేయగలరని మనవి" దాకా వెళ్లాలి. ఇప్పుడు ఈమెయిలులో వచ్చే ఇలాంటి ఉత్తరాలను ఎక్కువ మంది ఫోనులో చదువుతారు. తెరవక ముందు కనబడేది విషయం పంక్తి (సబ్జెక్టు), దాని కింద మొదటి వాక్యంలో సగం. ఆ సగంలో "అకుంఠిత దీక్షతో" అని ఉంటే చదివేవారికి అది సన్మానమో సంతాపమో కూడా తెలియదు. విషయం పంక్తిలో "వీడ్కోలు సభ, మార్చి 20 శుక్రవారం సాయంత్రం 5" అని పెట్టి, మొదటి వాక్యంలో ఎవరి సభో, ఎవరు పిలుస్తున్నారో చెప్పి, రెండో వాక్యంలో సమావేశ మందిరం ఏ అంతస్తులో ఉందో, సభ ఎన్ని గంటలకు ముగుస్తుందో రాయించాను. ముగిసే వేళను ఎందుకనో చాలామంది రాయరు. పిల్లలను బడి నుంచి తీసుకురావలసినవారికీ, ఆఖరి బండి పట్టుకోవలసినవారికీ రావాలా వద్దా అన్నది తేలేది మొదలయ్యే వేళను బట్టి కాదు, ముగిసే వేళను బట్టి.

"ఇంత పొడిగా రాస్తే ఆయన్ని తక్కువ చేసినట్టు అవదా, మేడమ్?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పొగడ్త తీసివేయమని నేను అనలేదు. ఎవరికైనా సరిపోయే పొగడ్త తీసివేయమన్నాను. ఆ పెద్దాయన గురించి నీకు తెలిసింది ఒక్కటి చెప్పమంటే, తాను చేరిన మొదటి వారం ఆయన పక్కన కూర్చుని పాత ఫైలును చివరి పేజీ నుంచి వెనక్కి ఎలా చదువుకుంటూ రావాలో చూపించారని చెప్పాడు. ఆ వాక్యాన్నే ఉత్తరంలో మూడోదిగా పెట్టాము. "అహర్నిశలు" అన్న మాటను చదివి ఎవరూ లేచి రారు కాని, ఆ ఫైలు సంగతి చదివితే ఆయన దగ్గర అలాగే నేర్చుకున్నవాళ్లు ఎంత పనిలో ఉన్నా వీలు చూసుకుంటారు.

తేదీ దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగవలసి వచ్చింది. చిత్తుప్రతిలో "20, గురువారం" అని ఉంది; 2026 మార్చి 20 శుక్రవారం. తేదీతో పాటు వారాన్ని కూడా రాయమనేది ఇందుకే, ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది. అయితే పంపే ముందు క్యాలెండరు తెరిచి చూసుకునే ఓపిక లేకపోతే, సభకు రావలసినవారిలో కొందరు ఒకరోజు ముందే వచ్చి తాళం వేసిన గదిని చూసుకుని వెళ్లవలసి వస్తుంది. నెలను అంకెలో రాయడం కూడా నాకు ఇష్టం ఉండదు. 03/04 అని రాస్తే అమెరికాలో ఉన్నవారు మార్చి 4 అనుకుంటారు, ఇతర దేశాలలో చాలామంది ఏప్రిల్ 3 అనుకుంటారు. ఈ చిక్కు తీర్చడానికే 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ముందు సంవత్సరం, తరువాత నెల, ఆపైన రోజు అనే వరుసను పెట్టింది. యంత్రాలకు అది చక్కగా పనికి వస్తుంది. మనుషులకు పంపే ఉత్తరంలో నెల పేరును అక్షరాలలో రాస్తే అంతకన్నా వేరే జాగ్రత్త అక్కరలేదు. "రాత్రి 12 గంటలలోపు" అన్నదీ అంతే, అది ఏ రోజు రాత్రో తేల్చుకోలేక మనుషులు వాదించుకుంటారు, 11.59 అని రాస్తే వాదన ఉండదు.

సభను ఆన్‌లైన్‌లో చూసేవారిలో ఇద్దరు పాత సహోద్యోగులు ఉన్నారు, ఒకరు లండన్‌లో, ఒకరు న్యూయార్క్‌లో. ఈ రెండు నగరాల మధ్య ఏడాదిలో ఎక్కువ భాగం అయిదు గంటల తేడా ఉంటుంది. కాని అమెరికాలో 2007 నుంచి గడియారాలను మార్చి రెండో ఆదివారం నాడు ముందుకు జరుపుతున్నారు, ఐరోపాలో మార్చి ఆఖరి ఆదివారం నాడు జరుపుతారు. ఈ ఏడాది ఆ రెండింటి మధ్య ఉన్న మూడు వారాలలో తేడా నాలుగు గంటలే. మా సభ సరిగ్గా ఆ మూడు వారాల నడుమన పడింది. నోటిలెక్క వేసి రాసి ఉంటే ఒకరికి వేళ గంట తేడాగా పడేది. అందుకని వారి నగరం వేళను వారి ఉత్తరంలో వేరుగా రాయించి, క్యాలెండరు ఫైలును కూడా జత చేయించాను. దాన్ని తెరిస్తే ఎవరి ఫోనులో వారి స్థానిక సమయమే కనబడుతుంది. ఆ ఫైలు ఉంది కదా అని ఉత్తరంలో వేళ రాయకపోవడం మాత్రం సోమరితనమే.

జవాబు ఇవ్వమని అడిగే వాక్యం చిన్నది, అయినా పని దానితోనే జరుగుతుంది. "వీలైనంత త్వరగా తెలుపగలరు" అన్నదాన్ని కొట్టివేసి, మార్చి 12 గురువారం లోపు, ఫలానా వారికి, వస్తున్నారా లేదా, వెంట ఎవరినైనా తీసుకువస్తున్నారా అన్నది తెలపమని రాశాము. రాలేనివారు కూడా ఒక మాట చెప్పాలని కోరితే తప్ప మౌనాన్ని ఎలా లెక్కించాలో కుర్చీలు వేయించేవారికి తెలియదు. పిలుపు ఒక్కరికా, కుటుంబానికా అన్నది కూడా స్పష్టంగా ఉండాలి. మొహమాటం కొద్దీ దాన్ని దాటవేస్తే ఆ మొహమాటం గుమ్మం దగ్గర ఇంకా పెద్దదవుతుంది.

మధ్యాహ్నం విరామంలో ఆ కుర్రవాడికి ఒక పాత ఆహ్వానం సంగతి చెప్పాను. ఉత్తర ఇంగ్లండ్‌లోని విందొలాండా అనే రోమన్ కోట తవ్వకాలలో, సుమారు క్రీ.శ. 100 నాటి పలుచని చెక్క రేకు ఒకటి 1985లో దొరికింది. క్లాడియా సెవెరా అనే ఆవిడ తన స్నేహితురాలు సుల్పీసియా లెపిడీనాను పుట్టినరోజుకు రమ్మని సిరాతో రాయించిన ఉత్తరం అది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రోజు ఏదో రోమన్ల లెక్కలో మొదటే చెప్పారు, మన లెక్కకు అది సెప్టెంబరు 11. సందర్భం చెప్పారు, నువ్వు వస్తే నాకు ఆ రోజు ఇంకా సంతోషంగా ఉంటుందని చెప్పారు. ఉత్తరం ఒక లేఖకుడి చేతిరాతలో ఉంది. చివరన మాత్రం సెవెరా తన సొంత దస్తూరీతో, నీకోసం ఎదురుచూస్తానని కొన్ని పంక్తులు చేర్చింది. స్త్రీ స్వహస్తంతో రాసిన లాటిన్‌లో మనకు తెలిసినంతవరకు అత్యంత పాతవాటిలో అదొకటని పండితులు చెబుతారు. మా ఉత్తరం వందలాది మందికి ఒకే పాఠంగా వెళుతుంది కాబట్టి అంత చనువు కుదరదు, కాని తప్పకుండా రావాలని మేము కోరుకునే నలుగురైదుగురికి అడుగున ఒక వాక్యం సొంతంగా చేర్చవచ్చునన్న ఆలోచన అతనికి నచ్చింది.

ప్రకటన దిద్దడం అంత సేపు పట్టలేదు, కాని కోపం మాత్రం అక్కడే వచ్చింది. "అనివార్య కారణాల వల్ల మా కార్యాలయం త్వరలో నూతన భవనానికి తరలించబడుచున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము" అని రాశాడు. అనివార్యమైతే సంతోషమెందుకు? త్వరలో అంటే ఎప్పుడు? కారణం చెప్పదలచుకుంటే సూటిగా చెప్పాలి, లేదా దాని ఊసు ఎత్తకూడదు. "అనివార్య కారణాలు" అన్న మాట చదివినవారు తమకు తోచిన కారణాలను ఊహించుకుంటారు, అవి అసలు కారణం కన్నా ఎప్పుడూ ఘోరంగానే ఉంటాయి. చివరికి ఇలా తేలింది: "ఏప్రిల్ 1, బుధవారం నుంచి మా విభాగం కొత్త భవనంలో పనిచేస్తుంది. మార్చి 31తో కలిపి ఆ రోజు వరకు పాత చోటనే ఉంటాం. ఫోను నంబర్లు, పనివేళలు మారవు." "31 వరకు" అని ఊరుకుంటే ఆ 31 లెక్కలోకి వస్తుందో రాదో అని అడిగేవాళ్లు ఉంటారు. మారనివాటిని చెప్పడం కూడా అవసరమే. ఒకటి మారిందని వినగానే అన్నీ మారాయేమోనన్న అనుమానం అందరికీ వస్తుంది. పాత చోటికి వచ్చే ఉత్తరాలు ఏమవుతాయన్నది నేను అడిగేదాకా ఎవరూ ఆలోచించలేదు, అది తేలాక ఇంకొక వాక్యం చేరింది.

చేదు విషయమైతే దాన్ని మొదటి వాక్యంలోనే చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. వాయిదా పడిన సభకు కొత్త తేదీ ఒక్కటే రాసి పంపడం ఎన్నో చోట్ల చూశాను. పాత తేదీ రద్దయిందని చెప్పకపోతే అది మరో సభ అనుకునేవారు ఉంటారు. సవరణ పంపేటప్పుడు కూడా మొత్తం ఉత్తరాన్ని మళ్లీ పంపి, ఏది మారిందో పోల్చుకోమని చదివేవారికి వదిలివేయకూడదు. విషయం పంక్తిలో "సవరణ" అని ఉండాలి, ముందు ఏమని ఉండేదో, ఇప్పుడు ఏమిటో ఒకే వాక్యంలో పక్కపక్కన ఉండాలి.

సాయంత్రానికి రెండూ సిద్ధమయ్యాయి. పేర్ల జాబితాను ఒకసారి పైనుంచి కిందికి చదివితే "శ్రీమతి" అని ఉన్నచోట ఒక పురుషుడి పేరు, "గారు గారికి" అని రెండుసార్లు పడిన పేరు ఒకటి కనబడ్డాయి. పట్టిక నుంచి పేర్లను యంత్రమే తెచ్చి నింపినప్పుడు ఇలాంటివి వస్తూనే ఉంటాయి. ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడకుండా అందరినీ గుప్త ప్రతి (బీసీసీ) వరుసలో పెట్టించాను.

సభకు ముఖ్యుడైన ఆ పెద్దాయనకు మాత్రం ఈ ఆహ్వానం పంపడం లేదు. ఆయనకు వేరే ఉత్తరం కావాలి: ఆయన్ని తీసుకురావడానికి ఎవరు, ఎన్నింటికి వస్తారో, వేదిక మీద ఎవరెవరు మాట్లాడతారో, ఆయనకు ఎంత సమయం ఉంటుందో, ఇంటి నుంచి ఎంతమంది వస్తే ముందు వరుసలో అన్ని కుర్చీలు ఉంచుతామో అందులో ఉండాలి. మాట్లాడేవారి వరుస ఇంకా ఖాయం కాలేదు. రేపు ఉదయం అది తేలగానే ఆ ఉత్తరాన్ని నేనే రాస్తానని, చిత్తుప్రతిని మాత్రం అతన్నే చదివి దిద్దమని చెప్పి వచ్చాను.