కడుపు నొప్పికి చిట్టా రాసిన ఏడాది

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పదిహేడేళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్నాను. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దించాడు, తేజ రకం ఎంతకి పోయింది, 334 రకం ఎంతకి పోయింది, హమాలీ ఎంత, ఇవన్నీ రాత్రికల్లా చిట్టాలో పడాల్సిందే. నిరుడు అదే కొట్లోంచి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఇంటికి తెచ్చి, మా అమ్మాయి కడుపు లెక్క రాయడం మొదలుపెట్టాను. నవ్వుతారేమో గానీ మాకు దారి చూపించింది ఆ పుస్తకమే.

మా పెద్దది ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఇంట్లో చిట్టి అంటాం. ఆరులో ఉండగా వానాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు ఓఆర్‌ఎస్ తాగించాం, తగ్గింది. తగ్గిందనే అనుకున్నాం. దసరా సెలవులయ్యాక మొదలైంది అసలు బాధ. ఏడింటికి పొట్ట పట్టుకుని వంగిపోయేది. బాత్రూంకి వెళ్లేది, వచ్చేది, మళ్లీ వెళ్లేది. నాలుగోసారికి స్కూలు ఆటో వీధి చివర హారన్ కొట్టి వెళ్లిపోయేది. ఇలా నాలుగు రోజులు విరేచనాలు, తర్వాత రెండు రోజులు అసలు రాకపోవడం. తమాషా ఏమిటంటే పదకొండయ్యేసరికి పిల్ల మామూలుగా టీవీ ముందు కూర్చుని ఉండేది.

ఒకరోజు కాగితాల కోసం ఆ వేళకి ఇంటికొచ్చి ఆ దృశ్యం చూశాను. "స్కూలు ఎగ్గొట్టడానికి నాటకాలా?" అని అరిచాను. చిట్టి ఏడవలేదు. టీవీ కట్టేసి గదిలోకి పోయింది. ఆ తర్వాత చాన్నాళ్లు నొప్పి వస్తే వాళ్లమ్మ చెవిలోనే చెప్పేది, నేను గదిలో ఉంటే చెప్పేది కాదు. ఆ మాట ఇప్పటికీ నన్ను కొరుకుతూనే ఉంటుంది.

మా అమ్మ లెక్క ప్రకారం అవి నులిపురుగులు. ఫిబ్రవరి 10న బళ్లో ఆల్బెండజోల్ బిళ్ల ఇచ్చారు, వేసుకుంది. వాము నీళ్లు, జీలకర్ర నీళ్లు అయ్యాయి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశారు. మిరపకాయలకి మా ఇంట్లో కొదవేముంది!

గుంటూరులో జబ్బంటే ఆసుపత్రులుండే కొత్తపేటే కదా. అక్కడ మూడు గుమ్మాలు ఎక్కాం. ఒకచోట అమీబియాసిస్ అన్నారు. ఇంకోచోట గ్యాస్ అన్నారు. మూడోచోట స్కానింగ్ తీయించి, పేగుల దగ్గర చిన్న చిన్న గ్రంథులున్నాయని రాశారు. ఆ కాగితం చూసిన చుట్టం ఒకాయన "టీబీ కాదు కదా" అని నోరుజారాడు. ఆ రాత్రి మా ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా అంత చిన్న గ్రంథులు స్కానింగ్‌లో కనిపిస్తాయని చాలా తర్వాత తెలిసింది.

ఏప్రిల్ నెలాఖర్లో బడికి సెలవులిచ్చారు. నొప్పి మాయం. జూన్‌లో బడి తెరిచారు. నొప్పి హాజరు. అప్పుడే నా బుర్రకి తట్టాల్సింది. తట్టలేదు.

విజయవాడ సూర్యారావుపేటలో పిల్లల పేగుల జబ్బులు చూసే డాక్టరమ్మ ఉన్నారని విని జులైలో బయల్దేరాం. నాన్‌స్టాప్ బస్సు ఎక్కాం. ఎంత, గంట ప్రయాణం. చిట్టి ఎక్కినప్పటి నుంచీ కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఊళ్లు చూస్తోందనుకున్నాను. కాజ టోల్‌గేటు వస్తుండగా నా చొక్కా పట్టుకుంది. "నాన్నా, ఆపమను." మొహం తెల్లబడిపోయింది. డ్రైవరు మంచివాడు, మారుమాట లేకుండా పక్కకి తీసి ఆపాడు. నిండు బస్సుని ఎంతసేపని ఆపుతాం? మీరు వెళ్లండని చెప్పేశాను. టోల్‌గేటు దగ్గరి మరుగుదొడ్డి బయట నిలబడి, తలుపు కింద సందులోంచి కనిపిస్తున్న చిట్టి నీలం చెప్పులు చూస్తూ ఉండిపోయాను. ఆ చెప్పులు ఎంతకీ కదల్లేదు. బయటికొచ్చాక, "బస్సులో బాత్రూం ఉండదు నాన్నా. ఎక్కిన దగ్గర్నుంచీ అదే ఆలోచన" అంది. ఊళ్లు చూడ్డం కాదు, దారిలో ఎక్కడ మరుగుదొడ్డి ఉందా అని వెతుక్కుంటోందన్నమాట. అక్కణ్నుంచి ఆటోలో మంగళగిరి, మంగళగిరి నుంచి ఇంకో ఆటో. తిరుగు ప్రయాణం నుంచీ రైలే.

డాక్టరమ్మ నన్ను పెద్దగా మాట్లాడనివ్వలేదు. అంతా పిల్లనే అడిగారు. రాత్రి నిద్రలోంచి నొప్పితో లేస్తావా? లేదు. విరేచనంలో రక్తం? లేదు. జ్వరం, కీళ్ల నొప్పులు, నోట్లో పుళ్లు? లేవు. బరువు తగ్గిందా, ఎత్తు పెరుగుతోందా అని స్కూలు కార్డులు తెప్పించి చూశారు. ఇవేవైనా ఉండి ఉంటే దారి వేరేగా ఉండేదట. తర్వాత ఒక బొమ్మల కాగితం చిట్టి ముందు పెట్టారు. దాన్ని బ్రిస్టల్ చార్టు అంటారు, మలం ఏడు రకాలు బొమ్మలు వేసి ఉంటుంది. ఒకటో నంబరు మేక పెంటికల్లా, ఏడో నంబరు పూర్తిగా నీళ్లు. "నీది ఏ నంబరమ్మా?" అంటే చిట్టి ఫక్కున నవ్వింది. ఆ సంగతి పైకి మాట్లాడొచ్చని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

రక్తపరీక్షలు, గోధుమ పడదేమో చూసే సీలియాక్ పరీక్ష, పేగుల్లో వాపుందేమో చూసే క్యాల్‌ప్రొటెక్టిన్ అనే మలపరీక్ష చేయించాం. అన్నీ నార్మల్. మా ఆవిడ సంతోషించాల్సింది పోయి ఏడ్చింది. "అన్నీ బాగుంటే మరి నొప్పి ఎందుకొస్తోంది?" ఏదో ఒక పేరున్న రోగం దొరికితే బాగుండునన్నంత విసిగిపోయి ఉన్నాం.

పేరు ఉంది. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, ఐబీఎస్. పిల్లల్లో దీన్ని గుర్తించడానికి 2016 నుంచి రోమ్ 4 అనే ప్రమాణాలున్నాయట. నెలకి కనీసం నాలుగు రోజులు నొప్పి, దానికి విరేచనంతోనో అందులో వచ్చే మార్పుతోనో సంబంధం ఉండాలి. అలా కనీసం రెండు నెలలు సాగి ఉండాలి, ఇంకే జబ్బూ కారణం కాకూడదు. పేగుకి పుండు ఉండదు, గడ్డ ఉండదు. దాని నరాలు మాత్రం మామూలు కదలికని కూడా నొప్పిగా మెదడుకి చెబుతాయి. వాంతులు, విరేచనాలు తగ్గాక కొందరికి ఇలా మిగిలిపోతుందని కూడా చెప్పారు. నాకిది యార్డు భాషలో అర్థమైంది. యార్డులో అందరికీ అదే మిరప కోరు (ఘాటు), అదే గాలి. హమాలీలు పొద్దంతా దాంట్లోనే టిక్కీలు మోస్తారు. కొత్తవాడు గేటు దాటగానే తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తుతాడు. వాడేమన్నా నటిస్తున్నాడా?

రెండు వారాలు డైరీ రాయమన్నారు. నేను గుమాస్తాని, ఆరు వారాలు రాశాను. జమ వైపు తిన్నది, ఖర్చు వైపు వెళ్లింది, బొమ్మల నంబరుతో సహా. మూడో గడిలో నొప్పి, సున్న నుంచి పది వరకు. నాలుగో గడిలో ఆ రోజు విశేషం ఏమిటో. ఆరు వారాలకి కూడిక వేసి చూస్తే నా మతి పోయింది. నేనేమో కారమే శత్రువనుకుని ఊరగాయ జాడీలన్నీ అటక మీదికి ఎక్కించి ఉన్నాను. పుస్తకమేమో, ఆదివారం మధ్యాహ్నం కారంగా కోడికూర తిన్న రోజు నొప్పి సున్న అంటోంది. సోమవారం పొద్దున ఉత్త ఇడ్లీ తిన్నా ఆరు. స్లిప్ టెస్టున్న రోజు ఏడు.

కారానికీ పేగుకీ సంబంధం లేదని కాదు. మిరపకి మంట తెచ్చే క్యాప్సైసిన్‌కి స్పందించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని, అంటే నరాల మీద ఆ మంటని పసిగట్టే ప్రోటీన్ని, కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో ఇంకొకరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ గ్రాహకాలు నాలుక మీదే కాదు, పేగు నరాల్లోనూ ఉంటాయి. ఐబీఎస్ ఉన్న కొందరికి కారం నిజంగానే పడదట. మా పిల్ల పుస్తకంలో మాత్రం ఆ పద్దు కనపడలేదు. కనిపించింది పాలు. ఆరూ నలభైఐదుకి గబగబా తాగే పెద్ద గ్లాసు పాలు, ఏడింటికి నొప్పి. పాలు ఆపి పెరుగన్నం పెట్టాం. పొద్దుటి పరుగులు నాలుగు నుంచి రెండయ్యాయి.

తర్వాత డైటీషియన్ దగ్గరికి పంపారు. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి అది. పేగులో పులిసి గ్యాస్ పుట్టించే కొన్ని పిండిపదార్థాల్ని, చక్కెరల్ని కొన్ని వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే మళ్లీ కలిపి చూడాలి. ఎదిగే పిల్లకి సొంతంగా ఇవన్నీ మానిపించొద్దని, మూడు వారాలు దాటనివ్వొద్దని గట్టిగా చెప్పారు. ఆ జాబితాలో మొదటి పేర్లు ఉల్లిపాయ, వెల్లుల్లి. మా అమ్మ ఊరుకుంటుందా! "ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదురా, దాన్ని మానిపిస్తారా?" అంది. మా ఆవిడే తెలివిగా సర్దింది. "అత్తయ్యా, కార్తీకమాసం అనుకోండి." అంతే, అమ్మ నోరు మెదపలేదు. అలా ఆగస్టులోనే మా ఇంటికి కార్తీకం వచ్చేసింది. తేలిందేమంటే కూరలో మగ్గిన ఉల్లిపాయ కొంచెం పర్లేదు, పచ్చి ఉల్లిపాయ వద్దు. శనగ గుగ్గిళ్లు గుప్పెడైతే సరే, గిన్నెడైతే ఆ రాత్రంతా పొట్ట డప్పే. వేసవి వచ్చాక మామిడిపండు లెక్క కూడా తేలింది: ఒకటి చాలు.

అసలు కష్టమైన పని తిండిది కాదు. డాక్టరమ్మ నాకు రాసిన మందు ఒకటుంది: పిల్లని నొప్పి ఉందా అని అడగకండి. నేను కొట్లోంచి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి అదే అడిగేవాణ్ని. నాటకాలా అన్న పాపాన్ని అలా కడుక్కుంటున్నాననుకుంటా. "మీరడిగిన ప్రతిసారీ తను పొట్టలోకి తొంగి చూసుకుంటుంది. చూస్తే ఏదో ఒకటి దొరుకుతుంది" అన్నారామె. తనంతట తను చెబితే నమ్మాలి, వేడినీళ్ల బ్యాగు ఇవ్వాలి, కాసేపు కూర్చోనివ్వాలి, తర్వాత రెండో పీరియడ్‌కైనా సరే బడికి పంపాలి. మా ఆవిడకి ఇది పది రోజుల్లో అబ్బింది. నాకు నాలుగు నెలలు పట్టింది. ఫోన్ చేసి, ఏం అడగాలో తెలియక, "అన్నం తిన్నావా" అని పెట్టేసిన రోజులు బోలెడు.

బడి సంగతి. ఎప్పుడంటే అప్పుడు బయటికి వెళ్లనివ్వమని డాక్టరు ఉత్తరం పట్టుకెళ్తే, "అందరికీ ఇలా పర్మిషన్లిస్తే క్లాసు నడవదండీ" అన్నారు. అక్కడ ఒక టీచరు అంతకుముందు "ఇప్పుడేగా వెళ్లొచ్చావ్" అని పిల్లలందరి ముందు అన్నారట, అప్పట్నుంచి చిట్టి బడిలో మంచినీళ్లు తాగడమే మానేసింది. రెండోసారి వెళ్లినప్పుడు క్లాస్ టీచర్ విడిగా విన్నారు. తలుపు పక్క సీటు ఇచ్చారు. చేయెత్తి అడగక్కర్లేకుండా బల్ల మీద పచ్చకార్డు పెట్టి వెళ్లిపోవచ్చన్నారు. "ఇంకొక్కటి నాన్నా, ఆడపిల్లల బాత్రూంకి గొళ్లెం లేదు" అని ఇంటికొచ్చాక చెప్పింది. ఎవరో ఒకరు బయట కాపలా ఉంటేనే వెళ్లేదట. అరవై రూపాయల గొళ్లెం, నాలుగు స్క్రూలు. శనివారం సాయంత్రం అడిగి నేనే బిగించి వచ్చాను. ఏడాది మొత్తంలో నేను చేసిన పనుల్లో అంత చవగ్గా, అంత త్వరగా గుణమిచ్చింది ఇంకోటి లేదు.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమంటే మా అమ్మ "పిల్లకేమన్నా పిచ్చా?" అంది. ఆ సైకాలజిస్టు నేర్పింది పొట్టతో ఊపిరి పీల్చడం, నొప్పి వస్తే 'అమ్మో, అయిపోయింది' అనే ఆలోచనని పట్టుకుని ప్రశ్నించడం. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు వెల్లకిలా పడుకుని, పొట్ట మీద ఏదైనా పెట్టుకుని అది లేచి పడేలా ఊపిరి తీయాలి. చిట్టి నా ఎర్ర పుస్తకమే పెట్టుకునేది. దాని లెక్కలన్నీ దాని పొట్ట మీదే లేచి పడుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూసేవాణ్ని.

సంక్రాంతి తర్వాత పరీక్షలప్పుడు మళ్లీ తిరగబెట్టింది. తొమ్మిది రోజుల్లో ఆరు రోజులు నొప్పి. మళ్లీ మొదటికొచ్చామని మా ఆవిడా నేనూ డీలా పడ్డాం. చిట్టే, "పోయినసారి నలభై రోజులు బడి మానాను, ఈసారి రెండే" అంది. లెక్క నా దగ్గరే ఉంది, కానీ చూసింది అది. నొప్పి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నెలలో రెండు మూడు రోజులు పొద్దున వస్తుంది.

మొన్న జూన్‌లో యార్డు సెలవులుండగా మళ్లీ చూపించుకోవడానికి విజయవాడ వెళ్లాలి. రైలు గంటన్నర ఆలస్యం అన్నారు. "బస్సెక్కుదాం నాన్నా, ఇంతసేపు ఎవరు కూర్చుంటారు" అంది. నాకే గుండె దడదడలాడింది. అడగలేదు. కిటికీ పక్క కూర్చుంది. కాసేపు ఫోన్‌లో ఏదో చూసింది, తర్వాత తల నా భుజం మీదికి వాలింది. కాజ టోల్‌గేటు దగ్గర బస్సు వరసలో ఆగింది. నా చూపు దానంతటదే ఆ మరుగుదొడ్డి వైపు పోయింది. చిట్టి నిద్రపోతూనే ఉంది.