పిట్టగోడ మీద మోచేతులు: లాక్‌డౌన్ ఏడాదిలో నా ఆకాశం లాగ్

మార్చి చివర, 2020

మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించినప్పటి నుంచి నాకు తెలిసిన ప్రతి తేదీ వాయిదా పడుతూనే ఉంది. పరీక్షలు, ప్రయాణాలు, పెళ్ళిళ్ళు, అన్నీ. ఈ వారం ఎత్తేస్తారన్న ఆంక్షలు వచ్చే వారానికి, అక్కణ్ణించి ఆపై వారానికి. వాయిదా పడని తేదీలు ఎక్కడున్నాయా అని వెతికితే ఆకాశంలోనే కనిపించాయి. అందుకే ఈ లాగ్.

సామాన్లు తక్కువే: అల్మరాలో పడున్న 10×50 బైనాక్యులర్స్, ఒక చాప, ఒక పుస్తకం, ముందు భాగానికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు చుట్టిన టార్చి. 10 అంటే పదింతలు పెద్దదిగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లని. టార్చి ఎర్రగా ఉండాలి. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెల్ల స్క్రీన్ చూస్తే ఆ అరగంటా వృథా.

ఫోకస్ సరిచేసే పద్ధతి ఇది. కుడి కన్ను మూసి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమ కంటికి ఒక నక్షత్రం చిన్న బిందువుగా కనిపించేలా చేయాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి గొట్టానికి ఉన్న రింగును మాత్రమే తిప్పాలి. చేతులు వణకకుండా మోచేతులు పిట్టగోడ మీద ఆనించాలి. నడినెత్తిన ఉన్నవి చూడాలంటే చాప మీద పడుకోవడం ఒక్కటే దారి, లేకపోతే మెడ పట్టేస్తుంది.

డాబా మీదికి వెళ్ళే టైం కూడా ఖాయం చేసుకున్నా: సాయంత్రం వార్తలు మొదలయ్యేటప్పుడు. ఆ రోజు కేసుల లెక్క ఎలాగూ పొద్దున పేపర్లో ఉంటుంది.

ఏప్రిల్

3న శుక్రుడు కృత్తికలు (పిల్లలకోడి) అనే చిన్న చుక్కల గుంపులోకి వచ్చాడు. ఇలా ఎనిమిదేళ్ళకోసారి జరుగుతుంది: 2012లో జరిగింది, మళ్ళీ 2028లో. శుక్రుడి వెలుగు కళ్ళకు కొడుతుంటే పక్కనున్న ఆ చిన్న చుక్కలు మామూలు కంటికి సరిగ్గా ఆనలేదు, బైనాక్యులర్స్‌లో మాత్రం అన్నీ ఒకే చట్రంలో దొరికాయి.

ఆ సాయంత్రమే వేరే ఊళ్ళో ఒక్కడే ఉన్న నాన్నకు ఫోన్ చేశా.

"పడమర వైపు బాగా మెరుస్తున్నది కనిపిస్తోందా నాన్నా?"

"పిల్లలకోడి దగ్గరున్నదేగా? నీకన్నా ముందే చూశానమ్మాయ్."

అప్పటి నుంచి ఇద్దరం ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఒకే టైంకి చూస్తున్నాం. అంతకుముందు మా ఫోన్లన్నీ "మాస్క్ పెట్టుకున్నావా, మందులున్నాయా" దగ్గర మొదలై అక్కడే ఆగిపోయేవి. ఇప్పుడు ఆయన నాకు నక్షత్రాలు నేర్పిస్తున్నారు. సప్తర్షుల తోక వంపు వెంటే ముందుకు పోతే నారింజ రంగులో స్వాతి, అదే వంపులో ఇంకా పోతే తెల్లగా చిత్త.

ఆర్ద్రను కూడా గమనిస్తున్నా. ఫిబ్రవరిలో బాగా మసకబారి, పేలిపోతుందేమో అని అందరూ మాట్లాడుకున్న నక్షత్రం ఇదే. ఇప్పుడు మళ్ళీ రోహిణిని దాటి వెలుగుతోంది.

ఈ నెల నిరాశ అట్లాస్ తోకచుక్క. మే నాటికి మామూలు కంటికే కనిపిస్తుందని ఊరించి, సూర్యుడి దగ్గరికి చేరకముందే ముక్కలైపోయింది. హబుల్ అంతరిక్ష టెలిస్కోపు ఫొటోల్లో ఆ ముక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. గ్రహాల మాట నమ్మొచ్చు గానీ తోకచుక్కల మాట నమ్మకూడదు.

ట్రాఫిక్ లేక గాలి తేటపడింది. అలాగని పాలపుంత కనిపిస్తుందని ఆశపెట్టుకోనక్కర్లేదు, వీధి దీపాలు ఎక్కడివక్కడే వెలుగుతున్నాయి.

మే

శుక్రుడు నెలవంక అయ్యాడు. చంద్రుడిలా ఈయనకీ కళలుంటాయని చదివాను గానీ, 10×50లో ఆ సన్నటి వంపు కనిపించినప్పుడు గట్టిగా అరిచాను, పక్కింటివాళ్ళు తొంగి చూశారు. పూర్తిగా చీకటి పడితే వెలుగు చెదిరి ఆకారం తెలియదు, ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడే చూడాలి. కానీ సూర్యుడు పూర్తిగా అస్తమించే దాకా బైనాక్యులర్స్ అటు తిప్పొద్దు. పొరపాటున సూర్యుడు అద్దంలో పడితే కన్ను పోతుంది.

జూన్

3న శుక్రుడు సూర్యుడికీ మనకూ మధ్యకు వచ్చేశాడు. ఇక సాయంత్రం కనిపించడు. మిగతా నెలంతా మబ్బులు, ఆఫీసు కాల్స్.

జూలై

నియోవైస్! మార్చి 27న, సగం లోకం తలుపులు వేసుకుంటున్న రోజుల్లో, ఒక అంతరిక్ష టెలిస్కోపు కనిపెట్టిన తోకచుక్క. జూలై 3న సూర్యుణ్ణి చుట్టి, ముక్కలవకుండా బయటపడింది.

పద్నాలుగో తేదీ తర్వాత సూర్యాస్తమయం అయ్యాక వాయవ్యంలో, సప్తర్షుల కింద వెతకాలి. ఇక్కడ వేళ్ళ కొలత పనికొస్తుంది. చెయ్యి బారుగా చాచి ఒక కన్ను మూస్తే చిటికెన వేలి మందం 1 డిగ్రీ, మధ్య మూడు వేళ్ళు కలిపి 5, పిడికిలి 10. పొడుగు చేతులున్నవాళ్ళకు పిడికిలీ పెద్దదే కాబట్టి ఈ లెక్క పిల్లలకూ పెద్దలకూ ఒకేలా సరిపోతుంది. ముందు మామూలు కంటితో వెతికా, ఏమీ లేదు. బైనాక్యులర్స్‌తో అడ్డంగా నెమ్మదిగా జరుపుకుంటూ పోతే మసగ్గా ఒక తల, పైకి లేచిన తోక. నేరుగా కాకుండా కాస్త పక్కకు చూస్తే తోక ఇంకా పొడుగ్గా తెలుస్తుంది, కంటి అంచులు మసక వెలుగును బాగా పట్టుకుంటాయి.

మళ్ళీ రావడానికి ఆరు వేల ఏళ్ళకు పైనే పడుతుందట. నాన్న ఉన్న వైపు మబ్బు వల్ల ఆయనకు కనిపించలేదు. "పోనీలే, నువ్వు చెప్పు, వింటా" అన్నారు.

ఆగస్టు

పాజిటివ్. లక్షణాలు తక్కువే, కానీ గది దాటకూడదు. డాబా లేదు, దక్షిణం వైపు ఒక్క కిటికీ ఉంది. అదృష్టం, గురుడూ శనీ ఇద్దరూ అటే ఉన్నారు. రోజూ వాళ్ళ మధ్య దూరం కొలిచి రాశాను: పిడికిలి కంటే కాస్త తక్కువ. నీరసంగా ఉన్న రోజుల్లో కూడా ఈ ఒక్క లైను రాసేదాన్ని. కిటికీ అద్దంలోంచి చూస్తే బొమ్మ చెదురుతుంది, తలుపు తీసే చూడాలి. గదిలో లైటు ఆర్పేయాలి.

అక్టోబర్

అంగారకుడు 6న మనకు దగ్గరగా వచ్చాడు, 13న సరిగ్గా సూర్యుడికి ఎదురుగా ఉన్నాడు. గురుణ్ణి కూడా మించిన వెలుగు. బైనాక్యులర్స్‌లో ఎర్ర చుక్క తప్ప ఇంకేమీ తెలియదు, కాబట్టి పెద్దగా రాయడానికి లేదు.

నవంబర్ మొదట్లో గురు శనుల మధ్య దూరం మూడు వేళ్ళు.

డిసెంబర్

నెల మొదట్లో రెండు చిటికెన వేళ్ళు. తర్వాత ఒకటి. 21న వేలి కొలత పనికిరాలేదు: చంద్రబింబం వెడల్పులో ఐదో వంతు దూరమే మిగిలింది. ఇంతకుముందు వీళ్ళిద్దరూ ఇంత దగ్గరగా వచ్చింది 1623లో. అప్పుడు సూర్యుడికి మరీ దగ్గరగా ఉండటంతో చూడటం కష్టం, చక్కగా కనిపించేలా వచ్చింది 1226లో. చీకటి పడుతుండగా నైరుతిలో కింద ఉంటారు, త్వరగా దిగిపోతారు కాబట్టి అటు చెట్లూ మేడలూ లేని చోటు ముందే చూసిపెట్టుకోవాలి. పదింతల్లో శని వలయం విడిగా తెలియదు, కోలగా ఉన్నాడంతే. గురుడి పక్కన ఉపగ్రహాలు వరసలో ఉన్నాయి. నాన్న మామూలు కంటితో చూసి రెండుగా విడదీయగలిగానన్నారు. ఆయన కంటి డాక్టరుకి చెప్పాలి ఈ సంగతి.

జనవరి చివరికి ఇద్దరూ సూర్యుడి వెలుగులో కలిసిపోతారు. ఈలోగా వేటగాడి (ఓరియన్) నక్షత్రరాశి నడుము దగ్గర వరసగా ఉన్న మూడు చుక్కల కింద మసగ్గా కనిపించే నీహారికను పెన్సిల్‌తో గీయాలనుకుంటున్నా.

నాన్నకు కూడా ఒక బైనాక్యులర్స్ ఆర్డర్ పెట్టా, 7×35. పదింతలైతే చేతి వణుకు కూడా పదింతలవుతుంది. పైగా 35ను 7తో భాగిస్తే 5 మిల్లీమీటర్లు, వయసైన కంటిపాప చీకట్లో దాదాపు అంతే విచ్చుకుంటుంది, 7×50 కొంటే మిగతా వెలుగంతా వృథా. బరువూ తక్కువే. పార్సెల్ వచ్చాక ఫోకస్ ఎలా సరిచేసుకోవాలో ఫోన్లో చెప్పాలి, ముందు ఎడమ కన్ను, తర్వాత కుడి.