నిందితుడు అని నా పేరు రాసి వచ్చిన ఉత్తరం

జర్మనీలో నాలుగేళ్లుగా ఉంటున్నా, నా జర్మన్ బేకరీలో రొట్టె అడగడం దగ్గరే ఆగిపోయింది. అందుకే పోలీసుల ఉత్తరాన్ని ఫోన్‌లో ఫొటో తీసి అనువాదం చేసుకున్నా. 'బెషుల్డిగ్టర్' అంటే నిందితుడు. పక్కన నా పేరు. ఎవరిదో కార్డుతో ఆన్‌లైన్ షాపులో ఏదో కొన్నారట. తేదీ, సెకన్లతో సహా టైము, కింద ఐపీ అడ్రస్. ఆ అంకెలు చూడగానే అర్థమైంది, అది నా టార్ ఎగ్జిట్ సర్వర్.

టార్ అంటే నెట్ వాడేది ఎవరో బయటపడకుండా దాచే నెట్‌వర్క్, నాలాంటివాళ్లు స్వచ్ఛందంగా నడిపే సర్వర్లతో పనిచేస్తుంది. అందులో మన ట్రాఫిక్ మామూలుగా మూడు సర్వర్ల మీదుగా వెళ్తుంది. మొదటిదానికి మనమెవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నామో తెలీదు. చివరిదైన ఎగ్జిట్‌కి వెళ్లే చోటు తెలుసు, మనిషి తెలీదు. వెబ్‌సైట్‌కి కనిపించేది ఆ ఎగ్జిట్ అడ్రస్సే. జర్నలిస్టు వాడినా, దొంగ వాడినా ఉత్తరం వచ్చేది నాకే.

ఆ రాత్రి చదవకూడనివన్నీ చదివాను. 2017లో రష్యాలో ద్మిత్రీ బొగతోవ్ అనే లెక్కల మాస్టారు ఎగ్జిట్ నడిపినందుకు మూడు నెలలకు పైగా జైల్లో ఉన్నాడు. ఆస్ట్రియాలో 2014లో ఒకతనికి కోర్టు శిక్షే వేసింది. రూమ్మేట్ అయితే "నీకెందుకురా ఈ సమాజసేవ, వీసా ఊడితే?" అన్నాడు. నా టెన్షన్ కూడా అదే. ఇంట్లో చెప్పలేదు.

లాయర్‌ని పట్టుకున్నా. ఆవిడ మొదట చెప్పింది, పోలీసులు పిలిచినంత మాత్రాన నిందితుడు వెళ్లి వివరణ ఇచ్చుకోనక్కర్లేదని. నేనప్పటికే మూడు పేజీల సంజాయిషీ రాసిపెట్టుకున్నా, నవ్వి పక్కన పెట్టింది. ఫైలు తెప్పించుకుని ఒకటిన్నర పేజీ జవాబు రాసింది. దానికి ముఖ్యమైన ఆధారం టార్ ప్రాజెక్ట్ వాళ్ల ఎగ్జోనరేటర్. అందులో ఐపీ, తేదీ కొడితే ఆ రోజు అది టార్ సర్వరో కాదో చెప్తుంది. ఆ పేజీ ప్రింటవుట్, దాంతో పాటు యూరప్ డిజిటల్ సర్వీసెస్ చట్టం 4వ ఆర్టికల్. సమాచారాన్ని మనం మొదలుపెట్టకుండా, ఎవరికి పోవాలో ఎంచుకోకుండా, మార్చకుండా కేవలం దాటిస్తే అందులో ఉన్నదానికి బాధ్యత మనది కాదని అది చెప్తుంది. లాగ్‌లు, అంటే ఎవరెప్పుడు వాడారో చెప్పే రికార్డులు, ఇవ్వమంటే ఇవ్వడానికి నా దగ్గర ఏవీ లేవు, అదీ రాసింది.

"సర్వర్ ఇంట్లో పెట్టావా?" అని మాత్రం గట్టిగా అడిగింది. లేదు, అద్దె సర్వర్. ఇంటి కనెక్షన్ మీద నడిపి ఉంటే ఉత్తరం బదులు మనుషులే వచ్చి ల్యాప్‌టాప్, ఫోన్ పట్టుకుపోయేవాళ్లేమో. సర్వర్ హోస్ట్‌నేమ్‌లోనే టార్ ఎగ్జిట్ అని పెట్టాను, ఆ అడ్రస్ బ్రౌజర్‌లో తెరిస్తే ఇదేమిటో చెప్పే పేజీ వస్తుంది. కేసు చూసే అధికారి ఆ పేజీ తెరిచాడో లేదో నాకనుమానమే. చట్టం కంటే, ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి టార్ తెలియకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

రెండు నెలలకు ప్రాసిక్యూటర్ నుంచి ఒక్క పేజీ వచ్చింది. జర్మన్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 170, రెండో పేరా కింద కేసు మూసేశారు. కారణం రాయలేదు, సారీ అసలే లేదు. లాయర్ ఫీజు నా జేబులోంచే.

హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు తనూ ఎగ్జిట్ పెడతానన్నాడు. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల్లో, లాగ్‌లు 180 రోజులు దాచాలన్న మాట చదివి వినిపించాను. ప్రస్తుతానికి బ్రిడ్జ్ నడుపుతున్నాడు, అది టార్‌లోకి వెళ్లే దారి దగ్గరుండే సర్వర్, వెబ్‌సైట్లకి దాని అడ్రస్ కనిపించదు. నా సర్వర్ నడుస్తూనే ఉంది. నిన్న హోస్టింగ్ వాళ్ల నుంచి నా సర్వర్‌ని ఎవరో దుర్వినియోగం చేశారంటూ ఇంకో అబ్యూజ్ మెయిల్ వచ్చింది, ఆ లాయర్ జవాబులోంచి రెండు పేరాలు తీసి పంపించాను.