ఓదార్పు పొందనొల్లని రాహేలు

మీకా ప్రవక్త బేత్లెహేమును "స్వల్పగ్రామము" అన్నాడు. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఉన్నాడో అందరికీ తెలిసేంత చిన్న ఊరు. పసివాడైన యేసును చంపాలని హేరోదు రాజు పంపిన మనుషులు వచ్చి వెళ్ళాక అక్కడ రెండేళ్ళ లోపు మగపిల్లలు ఎంతమంది చనిపోయారో మత్తయి రాయలేదు. లెక్క చెప్పే చోట ఒక తల్లి ఏడుపు వినిపించాడు: "రాహేలు తన పిల్లలవిషయమై యేడ్చుచు వారు లేనందున ఓదార్పు పొందనొల్లక యుండెను" (2:18).

ఆ మాట యిర్మీయా 31:15 లోనిది. ఆ ఏడుపు రామాలో వినబడిందని ఆ వచనం అంటుంది. రామా యెరూషలేముకు ఉత్తరాన సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయేవాళ్ళను సంకెళ్ళతో అక్కడికే తెచ్చారు (యిర్మీయా 40:1). యాకోబు భార్య రాహేలు బేత్లెహేము దారిలో కాన్పు కష్టమై చనిపోయింది, ఆ దారిలోనే ఆమెను పాతిపెట్టారు. ఎన్నో తరాల కిందట మట్టిలో కలిసిన ఆ తల్లే యిర్మీయాలో చెరపోయిన బిడ్డల కోసం, మత్తయిలో చంపబడిన పసివాళ్ళ కోసం ఏడుస్తోంది.

యిర్మీయాలో తర్వాతి వచనమే "ఏడువక ఊరకొనుము" అని మొదలవుతుంది. మత్తయికి అది తెలియక కాదు. ఆయన 15వ వచనం దగ్గరే ఆగిపోయాడు, 16వది ఎత్తలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మత్తయి 1:22లోనూ 2:15లోనూ ప్రవక్త మాట "నెరవేరేలా" ఇది జరిగిందని ఆయన రాశాడు. పిల్లల చావు దగ్గరికి వచ్చేసరికి గ్రీకు మూలంలో ఆ "నెరవేరేలా" లేదు. "అప్పుడు నెరవేరింది" అని మాత్రమే ఉంది. యేసును అప్పగించడానికి ఇస్కరియోతు యూదా తీసుకున్న వెండి నాణేల దగ్గరా (27:9) ఇలాగే రాశాడు. ఈ రెండు దుర్మార్గాలూ దేవుని సంకల్పం కోసమే జరిగాయని చెప్పడానికి ఆయన కలం ముందుకు సాగలేదు.

మారుమూల ఊళ్ళో ముగ్గురు నలుగురు పిల్లలు ఒకే వారంలో పోయినప్పుడు సంఘం చేయవలసిన మొదటి పని ఇదే. మత్తయి ఆగిన చోట ఆగాలి.

అలాంటి ఊళ్ళో ఓదార్చేవాళ్ళు వేరు, ఏడ్చేవాళ్ళు వేరు అని ఉండరు. గొయ్యి తవ్వేవాడు ఆ బిడ్డకు మేనమామ అయివుంటాడు. పాట ఎత్తుకోవలసిన ఆమె ఆ పిల్లల సండే స్కూలు టీచరు. సంఘ కాపరి తన చేతులతో ఎత్తుకుని ప్రతిష్ఠించిన బిడ్డనే సమాధి చేయవలసి వస్తుంది. అందుకే పక్క ఊరి సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు పెద్దలను వెంటనే పిలిపించుకోవాలి. ప్రసంగానికి కాదు, పనికి. ఒక్కో కుటుంబానికి ఒక్కో మనిషిని అప్పగించాలి. ఆస్పత్రి కాగితాలు, శవాన్ని తెచ్చే వాహనం, నీళ్ళు, భోజనం, మిగిలిన పిల్లల సంరక్షణ ఆ మనిషి చూసుకోవాలి. అందరూ అన్నీ చూస్తామంటే, ఎక్కువమంది చుట్టాలున్న ఇంటికే మనుషులు చేరతారు. ఒంటరి తల్లి ఇంటి ముందు ఎవరూ ఉండరు.

పిల్లలందరినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నారు, ఒక్క మాటా పలకలేదు (యోబు 2:13). ఆ ఏడు రోజులూ వాళ్ళు చేసింది సరైనదే. తప్పు నోరు తెరిచాక మొదలైంది. చివరికి దేవుడు కోపగించింది ఏడ్చి అరిచిన యోబు మీద కాదు, తన తరఫున వాదించిన ఆ స్నేహితుల మీద (42:7).

సమాధి ఆరాధన ఉమ్మడిగానా, విడివిడిగానా అన్నది తల్లిదండ్రులు తేల్చాలి. ఒక కుటుంబం వద్దంటే ఒత్తిడి చేయకూడదు. ఉమ్మడిగా చేస్తే ప్రతి బిడ్డ పేరు విడిగా, పూర్తిగా, వయసుతో సహా పలకాలి. పేర్లను ముందే కాగితం మీద రాసి తల్లిదండ్రులకు చూపించాలి. ఆ రోజు పేరు తప్పుగా పలికితే ఆ తల్లి జీవితాంతం మర్చిపోదు. వాక్యం పది నిమిషాలు దాటకూడదు. చదవడానికి 13వ కీర్తన, లేదా 88వ కీర్తన. 88 చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". దాని తర్వాత వెలుగు వచనం లేదు, అయినా అది దేవుని గ్రంథంలో ప్రార్థనగా నిలిచి ఉంది. సువార్త నుంచి యోహాను 11లో యేసు కన్నీళ్ళు విడిచిన భాగం చాలు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడు. పునరుత్థాన నిరీక్షణ చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. కానీ కన్నీళ్ళు ఆపడానికి దాన్ని వాడకూడదు. ఆ సమాధుల దగ్గర మారుమనస్సు పిలుపు ఇవ్వడం, తండ్రిని సాక్ష్యం చెప్పమనడం దుఃఖాన్ని వాడుకోవడమే అవుతుంది.

బాప్తిస్మం పొందకుండా చనిపోయిన బిడ్డ గతేమిటని తల్లి అడుగుతుంది. ఎక్కువసార్లు గొంతు తగ్గించి అడుగుతుంది. దావీదు కొడుకు పసికందుగానే జబ్బుపడి ఏడో రోజున చనిపోయాడు, వాడికి సున్నతి జరిగినట్టు బైబిలు చెప్పదు. అయినా దావీదు, నేను వాడి దగ్గరికి వెళతాను అన్నాడు (2 సమూయేలు 12:23). ఆమెకు జవాబు సిద్ధాంత చర్చగా కాక ఈ మాటగా అందాలి.

పిల్లలతో మాట్లాడేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. "తమ్ముడు నిద్రపోయాడు" అంటే, విన్న బిడ్డ రాత్రి కళ్ళు మూయడానికి భయపడుతుంది. చనిపోయిన యాయీరు కూతురు నిద్రిస్తోందని యేసు అన్నాడు నిజమే, కానీ ఆయన వెంటనే ఆమెను లేపాడు. "దేవుడికి ఇష్టమై తీసుకెళ్ళాడు" అంటే, తర్వాత నన్నూ తీసుకెళతాడని బిడ్డ దేవుడికే భయపడుతుంది. "చనిపోయాడు, ఒళ్ళు ఇక పనిచేయదు, నొప్పి ఉండదు, మనం యేసయ్య దగ్గర మళ్ళీ చూస్తాం" అని సూటిగా చెప్పాలి. ఐదేళ్ళ లోపు పిల్లలు చావు తిరిగిరానిదని ఇంకా గ్రహించలేరు, అదే ప్రశ్న పదిసార్లు అడుగుతారు. పదిసార్లూ అదే జవాబు చెప్పాలి. కోపంలో తమ్ముణ్ణి తిట్టినందువల్లే చనిపోయాడని లోపల కుమిలే అన్నలూ అక్కలూ ఉంటారు. వాళ్ళు అడిగేదాకా ఆగకుండా, నీ వల్ల కాదు అని చెప్పాలి.

పెద్దల్లో ఇదే ప్రశ్న "ఎవరి పాపం?" అని బయటికి వస్తుంది. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తేల్చేశాడు (లూకా 13:4, 5). సంఘపెద్ద ఆ వచనాన్ని మొదటి రోజే అందరి ముందూ చదివితే చాలా గుసగుసలు ఆగుతాయి.

పాపం వెతకవద్దు గానీ కారణం వెతకాలి. గోపురం ఎందుకు కూలిందని చూడడం అవిశ్వాసం కాదు. జబ్బుతో పోయివుంటే వెంటనే ఆరోగ్య సిబ్బందికి తెలపాలి, తాగే నీరు పరీక్ష చేయించాలి. తట్టు జ్వరం టీకా పడని పదిమంది దగ్గరికి చేరితే దాదాపు తొమ్మిదిమందికి అంటుకుంటుంది. కాబట్టి జ్వరం, దద్దుర్లు ఉన్న పిల్లలను ఆరాధనకు తీసుకురాకుండా ఇంటి దగ్గరే ప్రార్థన చేయాలి. విరేచనాలైతే మిగిలిన పిల్లలకు ఓఆర్ఎస్ పట్టాలి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. ఉపవాస ప్రార్థన పేరుతో రోగి బిడ్డకు ఆహారం, మందు ఆపితే అది ఇంకో చావుకు దారి తీస్తుంది. యాయీరు కూతురు లేచాక, ఆమెకు తినడానికి పెట్టమని యేసు చెప్పాడు (మార్కు 5:43).

బయటివాళ్ళు మొదటి వారం వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, వెళతారు. అసలు భారం రెండో నెలలో మొదలవుతుంది. సంఘంలో ఒకరు నోటు పుస్తకంలో తేదీలు రాసుకోవాలి: ప్రతి బిడ్డ పుట్టినరోజు, పోయిన రోజు, బడి తెరిచే రోజు, క్రిస్మస్. ఆ తేదీకి ముందురోజు ఇద్దరు ఆ ఇంటికి వెళ్ళాలి. తండ్రిని కూడా "నువ్వెలా ఉన్నావు" అని అడగాలి, ఆయన్ను తల్లి గురించి మాత్రమే అడిగి వచ్చేవాళ్ళే ఎక్కువ. తినడం మానేసినవాళ్ళను, చచ్చిపోతే బాగుండును అంటున్నవాళ్ళను ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. సండే స్కూలు హాజరు పట్టీలో ఆ పేర్లు చెప్పకుండా కొట్టివేయకూడదు. పిల్లలందరి మధ్య పేరు చదివి, ప్రార్థన చేసి, ఆ తర్వాతే కొత్త పట్టీ మొదలుపెట్టాలి.

మళ్ళీ బిడ్డ పుడతాడులే అని ఎవరైనా అంటే యోబు లెక్క చూపించండి. కష్టం తీరాక అతని 7,000 గొర్రెలు 14,000 అయ్యాయి, 3,000 ఒంటెలు 6,000 అయ్యాయి. ఒకే రోజు గాలికి కూలిన ఇంట్లో పోయిన పదిమంది పిల్లలకు మాత్రం మళ్ళీ పదిమందే పుట్టారు. గొర్రెల్లాగా రెట్టింపు కాలేదు. మొదటి పదిమంది దేవుని దగ్గర ఇంకా లెక్కలోనే ఉన్నారని, అందుకే కలిపితే ఇరవై అవుతారని పాతకాలం నుంచి చదివినవాళ్ళున్నారు. మీకెంతమంది పిల్లలని అడిగితే ఆ తల్లి ఏ సంఖ్య చెబితే అదే సంఘం లెక్క కావాలి.

పశ్చిమ సంఘాలు డిసెంబరు 28ని బేత్లెహేము పసివాళ్ళ దినంగా పాటిస్తాయి, క్రిస్మస్ అయిన మూడో రోజే. ఆ ఆరాధనలో మన ఊరి పిల్లల పేర్లు కూడా చదవవచ్చు. యిర్మీయా 16వ వచనం, "నీ పిల్లలు తిరిగి తమ స్వదేశమునకు వచ్చెదరు" అనే 17వ వచనం అక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోవు. ఆ తల్లి తనంతట తాను బైబిలు తెరిచి "దీని తర్వాత ఏముంది?" అని అడిగిన రోజున, ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా చదివి వినిపించండి.