చెవిలో బతుకమ్మ

సిరిసిల్లల సాంచలు, అంటె కరెంటు మగ్గాలు, నడిపి బతికినోళ్ళకు చెవులు మందగించుడు కొత్త కాదు. నాకూ అట్లనే అయింది. దాన్ని రోగమని మా దగ్గర ఎవరూ అనరు.

అసలు భయం ఎండాకాలంల ఒక రాత్రి మొదలైంది. కరెంటు పోయి సాంచలు, ఫ్యాను అన్నీ ఆగినయి. ఆగంగనే ఆడోళ్ళు చప్పట్లు కొట్టుకుంట బతుకమ్మ పాడుతున్నరు. ఎండాకాలంల బతుకమ్మేంది? లేచి వాకిట్లకు పోయిన. వాడ మొత్తం నిద్ర. లోపలికొచ్చి రెండు చెవులు అరచేతులతోని గట్టిగ మూసిన. పాట ఇంకా పెరిగింది! ఆ గొంతుల్ల సచ్చిపోయిన మా అవ్వ గొంతు కూడా ఉన్నది. నన్ను తీసుకపోను వచ్చిందనుకున్న.

మా ఆమె గాలి సోకిందన్నది. డాక్టరు అంతకన్న ఘోరం. నా దిక్కు చూడకుండనే మా కొడుకుతోని "ముసలాయనకు మతి చలిస్తున్నది, గోలీలు రాస్త, పండుకుంటడు" అన్నడు. ఆ ముక్క మాత్రం నాకు సాఫ్‌గ వినవడ్డది. చెవుల లైటు వేసి చూసిన పాపాన పోలే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతది. ఆ గోలీలకు పగలంత మత్తు, రాత్రి అదే పాట.

హైదరాబాద్‌ల వినికిడి పరీక్ష చేసిన అమ్మాయికి చేతులెత్తి మొక్కాలె. "తాతా, మీకు పిచ్చి లేదు" అన్నది ముందుగాల. కాయితం మీద గీత 4000 హెర్ట్జ్ కాడ, అంటె సన్నటి శబ్దాల కాడ, గుంతల పడ్డట్టు దిగింది. సాంచల మోత తిన్నది అదే. ఆ, ఓ లాంటి అచ్చులు లావు శబ్దాలు, అందుతయి. స, త, క లాంటివి సన్నయి, జారిపోతయి. అందుకే మాట వినవడుతది, అర్థం కాదు. చెవి నుంచి వచ్చేది తగ్గితే కణతల కాడి మెదడు ఊకోదట, జ్ఞాపకంల ఉన్న పాటలు తనే తీసి వినిపిస్తదట. కెనడాల పెన్‌ఫీల్డ్ అనే డాక్టరు ఫిట్స్ రోగుల మెదడుకు అక్కడ సన్నగ కరెంటు తాకిస్తే కొందరికి పాటలు వినవడ్డయట.

చెవికి వినికిడి మిషన్ పెట్టుకున్నంక పాట పలచబడ్డది, పూర్తిగ పోలే. రాత్రి రేడియో సన్నగ పెట్టుకుంట. మీ ఇండ్లల్ల పెద్దోళ్ళు ఇట్ల చెప్తే ముందుగాల చెవులు చూపియ్యండి.

మా ఆమె మాత్రం రాజన్న దయ అంటది. మొక్కున్నది కాబట్టి వేములవాడ పోయి కోడెను కట్టేసినం. గంటలు, మైకు, జనం మాటలు అన్నీ ఒక్కపారి మీద పడ్డయి. మిషన్ అన్నిటినీ పెంచుతది. దాంట్లకెల్లి కావలసింది ఏరుకునుడు మెదడు పని, అది మళ్ళ అలవాటయ్యేటందుకు నెలలు పడుతదని ఆ అమ్మాయి చెప్పనే చెప్పింది. తలకాయ పగులుతుంటె తీసి జేబుల వేసుకున్న. మా ఆమె ఏదో అడిగింది, ఊ అన్న. ఇంకో మొక్కుకు ఒప్పుకున్ననని ఇంటికొచ్చినంక తెలిసింది.