కళ్ళు మూసుకుని తలుపు వెతకడం

నీళ్ళలో తలకిందులైతే పైనేదో కిందేదో తెలియదని ఎన్నోసార్లు చదివాను. నీళ్ళలో పడ్డ విమానంలోంచి బయటపడే శిక్షణ కోసం ఈత కొలనులో, విమానం క్యాబిన్‌లా కట్టిన పంజరంలో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, ముంచి తిప్పేసిన రోజున గానీ ఆ మాట ఒంటికి పట్టలేదు. ముక్కులోకి నీళ్ళు పోగానే చెయ్యి దానంతటదే బెల్టు మీదికెళ్ళింది. విప్పేశాను. అంతే, ఒళ్ళు సీట్లోంచి తేలిపోయింది. నా భుజం పక్కనే ఉండాల్సిన తలుపు ఎటుపోయిందో అంతుపట్టలేదు. మోకాలు దేనికో కొట్టుకుంది. చివరికి డైవరు చొక్కా పట్టుకుని బయటికి లాగాడు.

ఇన్‌స్ట్రక్టరు కోప్పడలేదు. "బెల్టే నీకు ఆనవాలు. దాన్ని విప్పేస్తే తలుపు ఎటుందో ఇంక తెలియదు. చెయ్యి హ్యాండిల్ మీద ఉండాలి, నీళ్ళ ఊపు ఆగాలి, అప్పుడు విప్పు" అన్నారు. రెండోసారి ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద పెట్టుకునే మునిగాను. నా అంతట నేనే బయటికొచ్చాను. ఒడ్డున కూర్చుంటే చాలాసేపు వణుకు తగ్గలేదు.

గాలిలో ఇంజను ఆగితే ఏం చెయ్యాలో మా పైలట్లకు బాగానే నేర్పుతారు. నేను నడిపే సెస్నా 172ఎస్ అనే ఒంటి ఇంజను చిన్న విమానంలో ముందు వేగాన్ని 68 నాట్ల (గంటకు దాదాపు 126 కిలోమీటర్ల) దగ్గర నిలపాలి. 3,000 అడుగుల ఎత్తులో ఉంటే, గాలి లేనప్పుడు, నాలుగు నాటికల్ మైళ్ళ (ఏడు కిలోమీటర్ల) పైచిలుకు జారుకుంటూ పోవచ్చు. అంటే చేతిలో ఉండేది దాదాపు నాలుగు నిమిషాలు. ఇంధనం వాల్వు, పంపు, మిక్స్చరు (ఇంధనం, గాలి పాళ్ళు), ఇగ్నిషన్ చూసుకోవడం, రేడియోలో ఆపదలో ఉన్నామని మేడే చెప్పడం, రాడార్‌కు విమానం జాడ చెప్పే ట్రాన్స్‌పాండర్‌లో ఆపద కోడ్ 7700 పెట్టడం అన్నీ అందులోనే. మధ్యమధ్యలో కిందికి చూసి అలలు ఎటు నడుస్తున్నాయో పోల్చుకోవాలి. రన్‌వే మీద గాలికి ఎదురుగా దిగడం మాకు అలవాటు. సముద్రం మీద పెద్ద అలలు బారులుగా వస్తుంటే మాత్రం ఆ బారుల వెంబడే దిగాలి. ఎదురెళ్తే గోడను గుద్దినట్టే.

ఇక్కడిదాకా పుస్తకాలు బాగా చెబుతాయి. నా బెంగంతా ఆ తర్వాతి అర నిమిషం గురించే. సెస్నా చక్రాలు లోపలికి ముడుచుకోవు. నీళ్ళు తగలగానే అవే పట్టేసి ముక్కును కిందికి లాగుతాయి, విమానం బోర్లాపడొచ్చు. అందుకే నీళ్ళు తాకకముందే తలుపు గడియ తీసి ఉంచాలి. మూసి ఉన్న తలుపును, లోపలా బయటా నీళ్ళు సమానమయ్యేదాకా, ఎంత బలవంతుడైనా తెరవలేడు.

1909 జూలై 19న హ్యూబర్ట్ లేథమ్ ఇంగ్లిష్ ఛానల్ దాటబోతుంటే ఇంజను ఆగిపోయింది. నీళ్ళ మీద దిగి, తేలుతున్న విమానం మీదే కూర్చుని సిగరెట్ కాలుస్తూ ఓడ కోసం ఎదురుచూశారు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు తట్టేది ఒక్కటే: ఆయన చుట్టూ క్యాబిన్ లేదు. మాకుంది.

లైఫ్ జాకెట్ సంగతీ ఇంతే. 1996 నవంబరులో హైజాక్ అయిన ఇథియోపియా విమానం ఇంధనం అయిపోయి కొమొరోస్ దగ్గర సముద్రంలో పడింది. 175 మందిలో 125 మంది పోయారు. లోపలుండగానే జాకెట్లో గాలి నింపుకున్న చాలామందిని ఆ జాకెట్టే పైకప్పుకు నొక్కేసింది. బయటపడ్డాకే గాలి నింపే తాడు లాగుతామని నేను ప్రయాణికులతో చెప్పించుకుంటాను, తల ఊపితే ఒప్పుకోను.

పోయిన నెల అక్కను తీసుకెళ్ళాను. నీళ్ళ మీదుగా పది నిమిషాల దారి. ఇంజను స్టార్ట్ చెయ్యకముందే కళ్ళు మూసుకోమని, కుడిచేత్తో హ్యాండిల్ పట్టుకోమన్నాను. మొదటిసారి కిటికీ అంచు తడిమింది. రెండోసారి మోచేయి ఆనించే చోటు దొరికింది. "ఇంకెన్నిసార్లురా?" అంది. "దొరికేదాకా అక్కా" అన్నాను.

మూడోసారి చెయ్యి నేరుగా హ్యాండిల్ మీదికే వెళ్ళింది. అప్పుడు తాళం తిప్పాను.