కర్క్యుమిన్‌ని చర్మంలో నిలబెట్టడానికి పడ్డ తిప్పలు

ఎం.ఫార్మ్ ప్రాజెక్టుకి నాకు వచ్చిన టాపిక్ కర్క్యుమిన్ (పసుపుకి రంగునిచ్చే పదార్థం) నానోస్ట్రక్చర్డ్ లిపిడ్ క్యారియర్లు, అంటే మందుని మోసే అతి చిన్న కొవ్వు కణాలు, ల్యాబ్‌లో అందరం ఎన్‌ఎల్‌సీ అనేవాళ్లం. మాది నిజామాబాద్, పసుపు మార్కెట్ ఉన్న ఊరు కాబట్టి నీకు కరెక్ట్ టాపిక్ పడింది అన్నారు ఫ్రెండ్స్. కానీ కర్క్యుమిన్ అంత మొండిదాన్ని నేను చూడలేదు. నీళ్లలో కరగదు, వెలుతురుకి పాడవుతుంది, పీహెచ్ 7 దాటిందంటే నిలవదు. దాని అణుభారం 368, చర్మం దాటడానికి అందరూ చెప్పే 500 డాల్టన్ల హద్దుకి లోపలే, అయినా పొడిగా రాస్తే పైన అలాగే కూర్చుంటుంది, ముందు కరిగితేనే కదా కదిలేది. అందుకే కొవ్వులో కరిగించి, ఆ కొవ్వుని సన్నటి కణాలుగా చేసి రాయడం.

మొదట గ్లిజరిల్ మోనోస్టియరేట్ అనే గట్టి లిపిడ్ (కొవ్వు) ఒక్కటే పెట్టి చేశాం. దాన్ని 70 డిగ్రీల దగ్గర కరిగించి, కర్క్యుమిన్ కలిపి, అంతే వేడి ఉన్న ట్వీన్ 80 (కొవ్వుని నీళ్లలో కలిసేలా చేసేది) నీళ్లు పోసి హోమోజినైజర్‌లో తిప్పాలి, ఆ తర్వాత శబ్ద తరంగాలతో కణాల్ని ఇంకా చిన్నవి చేసే ప్రోబ్ సోనికేటర్. నీళ్లు కాస్త చల్లారినా లిపిడ్ బీకరు అంచులకి పేరుకుపోతుంది. సోనికేటర్ మోతకి ఆ గది వైపు ఎవరూ వచ్చేవాళ్లు కాదు, అదొక్కటే ప్రశాంతత.

బ్యాచ్ చూడ్డానికి చక్కగా వచ్చింది. కానీ ఫ్రిజ్‌లో కొన్నాళ్లు ఉంచి చూస్తే అడుగున పసుపుపచ్చ స్ఫటికాలు! ఒకే రకం లిపిడ్ గడ్డకట్టాక మెల్లగా తన అణువుల్ని వరసగా సర్దుకుంటుంది, ఇటుకలు సందు లేకుండా పేర్చినట్టు, ఇక మందుకి లోపల చోటుండదు, బయటికి తోసేస్తుంది. 1990ల చివర్లో బెర్లిన్‌లో ముల్లర్ బృందం పట్టుకున్న ఉపాయం ఇక్కడే పనికొచ్చింది: గట్టి లిపిడ్‌లో కొంత నూనె కలిపితే ఆ వరస కుదరదు, మందు లోపలే ఉండిపోతుంది. మేం ఆ నూనెగా ఒలీయిక్ యాసిడ్ కలిపాం. ఎక్కువైతే చర్మానికి మంట, అందుకని ఆచితూచి.

సైజు చూసే మెషీన్ మా కాలేజీలో లేదు. శాంపిల్స్ థర్మాకోల్ డబ్బాలో పెట్టి వేరేచోటికి పంపి రిపోర్టు కోసం టెన్షన్ పడుతూ కూర్చోవడమే. 200 నానోమీటర్ల లోపు వచ్చింది, కణాల సైజుల్లో తేడా ఎంతో చెప్పే పీడీఐ కూడా 0.3 లోపే. కణాల మీది చార్జ్‌ని చెప్పే జీటా పొటెన్షియల్ మాత్రం, నిలకడకి మామూలుగా అడిగే 30 మిల్లీవోల్టులకి చేరలేదు. రివ్యూలో దాని మీదే ప్రశ్నలన్నీ. ట్వీన్ 80కి చార్జ్ ఉండదు, కణాల చుట్టూ పొరలా అడ్డం నిలబడి అవి అతుక్కోకుండా చూస్తుంది, కాబట్టి ఆ నంబరు తక్కువున్నా బ్యాచ్ నిలుస్తుంది. ఇది చెప్పి ఒప్పించడానికే సగం టైమ్ పోయింది.

అసలు పరీక్ష, చర్మం ముక్కని మధ్యలో బిగించి పైన రాసిన మందు కింది ద్రవంలోకి ఎంత దిగిందో చూసే ఫ్రాంజ్ సెల్‌లో. మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుందని పంది చెవి చర్మం వాడతారు, పైభాగం 32 డిగ్రీలు ఉండేలా చూసుకోవాలి, కింద గాలిబుడగ ఉండిపోతే రీడింగులన్నీ వేస్టే. కింది ద్రవంలో ఇథనాల్ కలపాలి, ఉత్త బఫర్ అయితే కర్క్యుమిన్ అందులో కరగదు. ఇంత చేస్తే కిందికి వచ్చింది దాదాపు ఏమీ లేదు. నేను డీలా పడితే గైడ్ మేడమ్ నవ్వి, "ఏమ్మా, నువ్వు మందు వేసేది చర్మానికా, రక్తానికా?" అన్నారు. చర్మం ముక్కలు చేసి మిథనాల్‌లో నానబెట్టి 425 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి దగ్గర చూస్తే మందంతా అక్కడే ఉంది. అది చాలు మాకు.

చివరికి కార్బోపాల్ జెల్‌లో కలపడం. జెల్ చిక్కబడాలంటే ట్రైఇథనాలమైన్ అనే క్షారం వేయాలి, చుక్క ఎక్కువైతే పసుపు కాస్తా ఎర్రబారుతుంది, అందుకే ముందు జెల్‌ని పీహెచ్ 5.5 దగ్గరకి తెచ్చుకుని తర్వాతే క్యారియర్లు కలిపాం.

వైవాలో, కణాలు చర్మంలోకి దూరిపోతాయా అని అడిగారు. చాలావరకు దూరవు సార్ అన్నాను. పైనే సన్నటి పొరలా పరుచుకుని, తేమ పోకుండా ఆపి, మందుని మెల్లగా లోపలికి వదులుతాయి. నానో పేరు పెట్టి అమ్మే క్రీముల ప్రకటనల్లో ఈ ముక్క ఎందుకు చెప్పరో మరి.

తేలని సమస్య ఒక్కటే, రంగు. ఈ జెల్ రాసుకుని పడుకుంటే దిండు గలీబు పచ్చగా అవుతుంది. అందుకే ఇప్పుడు మా జూనియర్ రంగులేని టెట్రాహైడ్రోకర్క్యుమిన్‌తో మొదలుపెట్టాడు.